ఓకే అన్నదెవరు

నాచారం పారిశ్రామికవాడలో, ఒక మందుల ఫ్యాక్టరీ ప్రహరీకి ఆనుకుని రేకుల షెడ్డు ఉండేది. అందులో నాలుగు పేజీల వారపత్రిక ఒకటి అచ్చయ్యేది. ఆదివారం పొద్దున్నే అది ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి వైపు ఇళ్లకు చేరేది. కంప్యూటర్లు ఇంకా మా దాకా రాలేదు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి, వరసగా పేర్చి, బిగించి అచ్చు వేసే రోజులవి. డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఊరికే కూర్చున్న నేను, ఎవరో చెప్పగా విని, ఒక సోమవారం ఆ షెడ్డుకు వెళ్లాను.

లోపల బల్ల వెనక తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన ఉన్నారు. ఆయనే ఎడిటరు. ఒక ప్రభుత్వ సైన్సు సంస్థలో పనిచేసి రిటైరయ్యారు. గోదావరి వైపు మనిషి. ఉద్యోగమంతా ఇక్కడే చేసినా మాట మాత్రం అక్కడిదే.

"అమ్మాయ్, తప్పుల్లేకుండా తెలుగు రాయగలవా?" అని అడిగారు.

"రాస్తాను సార్."

"ఓకే," అని మళ్లీ కాగితాల్లోకి తల దించేసుకున్నారు.

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆ ఓకేకు అర్థం 'చేరిపో' అనా, 'ఇక వెళ్లిరా' అనా నాకు తెలియలేదు. చాలాసేపటికి ఆయన తలెత్తి, "ఇంకా కూర్చోలేదా?" అన్నారు. అలా నాకు ఉద్యోగం వచ్చింది.

నేను కాక అక్కడ ఉన్నది ఇద్దరే. ఒకరు ఎడిటరు గారు. రెండో మనిషి అచ్చు పనంతా ఒంటిచేత్తో చేసే అన్న. అక్షరాలు పేర్చేదీ ఆయనే, పేజీ బిగించేదీ ఆయనే, మెషీన్ తిప్పేదీ ఆయనే. యాభై దాటినవాడు. భువనగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చి మౌలాలి గుట్ట కింద ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం చర్చికి పోతూ పోతూ పత్రిక కట్టలు బస్సుల్లో వేసి వెళ్లేవాడు. నన్ను "బిడ్డా" అని పిలిచేవాడు. ఇక మూడో మనిషిని నేను. అమ్మ అడిగితే విలేకరినని చెప్పుకున్నాను. వార్తలు తెచ్చేదీ, ప్రూఫులు దిద్దేదీ, ఫోను ఎత్తేదీ, పక్క హోటల్లో టీ చెప్పి వచ్చేదీ నేనే.

చేరిన వారానికి నా మొదటి వార్త రాశాను. ఉప్పల్ చౌరస్తాలో బస్సులు స్టాపులో ఆగకుండా ముందొకటీ వెనకొకటీ ఆగుతుంటే, ముసలివాళ్లు రోడ్డు మీద అటూ ఇటూ ఎలా పరుగెత్తాల్సి వస్తోందో రాశాను. రెండు రోజులు అక్కడ నిలబడి చూసి రాసిన వార్త. ఎడిటరు గారు చదివి, అడుగున ఎర్రసిరాతో 'ఓకే' అని రాసి ఇచ్చారు. నా కాళ్లు నేల మీద లేవు. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే అమ్మ సేమ్యా పాయసం చేసింది.

మర్నాడు అన్నకు ఆ కాగితం చూపించాను.

"సార్‌కు మస్తు నచ్చిందన్నా. ఓకే అని రాసిండు."

అన్న అక్షరాలు పేరుస్తూనే నవ్వాడు. "ఓకే అంటే నచ్చినట్టు కాదు బిడ్డా. తప్పుల్లేవని."

"మరి నచ్చితే ఏం రాస్తడు?"

"నేను పన్నెండేండ్ల సంది జూస్తున్న. నచ్చినట్టు రాసింది నేనైతే సూడలే."

పాయసం గురించి నేను అన్నకు చెప్పలేదు.

ఓకే అనే ఆ మాట నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇంగ్లీషులో అది పెద్దమనుషుల మాట కాదట, వీధిలో పుట్టి పెద్దదైన మాటట. ఈ సంగతి ఎడిటరు గారే ఒకసారి చెప్పారు. మా షెడ్డులో మాత్రం అది లేకపోతే పూట గడిచేది కాదు. ప్రూఫు మీద రాసిన ఓకే అంటే అచ్చు వేయొచ్చని. కింద గీత గీసిన ఓకే అంటే, అచ్చు వేయండి కానీ నన్ను మళ్లీ అడగొద్దని. నేను సెలవు అడిగితే "ఓకే, చూద్దాం" అనేవారు. అంటే సెలవు లేదు. ప్రకటన ఇవ్వడానికి వచ్చిన వ్యాపారి, దాని నమూనా గీసిన కాగితం చూసి "ఓకే" అంటే, ఇంటికెళ్లి భార్యకు చూపించి రేపొచ్చి అన్నీ మార్పిస్తాడని. ఎవరైనా నాయకుడు ఫోను చేసి అదే పనిగా మాట్లాడుతుంటే ఎడిటరు గారు "ఓకే ఓకే ఓకే" అని మూడుసార్లు అనేవారు. అప్పుడు అర్థం, ఇక పెట్టేయవయ్యా బాబూ అని. నాకు ఫోను అందించి "నువ్వు మాట్లాడు, ఓకే?" అన్నప్పుడు మాత్రం అది ప్రశ్నలా వినిపించేది కానీ ప్రశ్న కాదు.

అన్న దగ్గర ఈ మాటకు ఒకటే అర్థం. ఓకే అంటే మెషీన్ తిప్పాలి. అంతే.

ఆయన పనితీరు కూడా అలాంటిదే. రాసింది రాసినట్టు పేర్చడం ఆయన నియమం. నేను కొట్టేసి మళ్లీ రాసిన చోట కూడా ఏది ఉంచాలని వచ్చి అడిగేవాడు తప్ప సొంతంగా దిద్దేవాడు కాదు. "నేను అక్షరం జూస్త బిడ్డా, మాట జూడ. మాట జూస్తే చెయ్యి ఆగుతది," అనేవాడు. సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. వాటిని తలకిందులుగా పేర్చుకుంటూ పోయే మనిషి అర్థం కోసం ఆగితే సాయంత్రానికి పేజీ పూర్తి కాదు. అది నిజమే.

ఒక శుక్రవారం నాచారంలో గుట్ట మీది కాలనీకి వెళ్లాను. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి కింద బోరింగు నుంచి నీళ్లు మోసుకునేవాళ్లు. ఇప్పుడు గుట్ట పైదాకా పైపు వేశారు. వీధి మొదట్లో నల్లా బిగించారు. దానికి ప్రారంభోత్సవం. కాలనీ సంఘం ప్రెసిడెంటు ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. భారీ మనిషి, పెద్ద మీసాలు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెళ్లో బంతిపూల దండతో, చిన్నపిల్లవాడిలా వెలిగిపోతున్నాడు. నల్లాకు పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు. ఆయన నల్లా తిప్పాడు. నీళ్లొచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు.

మొదటి బిందె నిండింది. రెండోది నిండింది. మూడో బిందె పెట్టేసరికి నల్లా ఒక్కసారి దగ్గింది. తర్వాత బుస్సుమని గాలి వదిలింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"నల్లాకు దమ్ము వట్టినట్టున్నది," అంది వరసలో నిలబడ్డ ఒక ముసలమ్మ. ఆడవాళ్లంతా కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటు నవ్వలేదు. నల్లాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకసారి వంగి దాని నోట్లోకి కూడా చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, మెల్లగా, "మంచిగ రాయి బిడ్డా. ఫస్టు పేజీల రావాలె," అన్నాడు. ఆయన దండ ఇంకా తీయలేదు.

శనివారం పొద్దున వార్త రాశాను. జరిగింది జరిగినట్టే రాశాను. రెండు బిందెలు నిండాయనీ, మూడోదానికి నీళ్లు ఆగిపోయాయనీ. అక్కడిదాకా ఇబ్బంది లేదు. హెడ్డింగు దగ్గర చెయ్యి ఆగింది. 'గుట్ట మీది కాలనీకి నల్లా' అంటే సగం అబద్ధం. 'రెండు బిందెలకే ఆగిన నీళ్లు' అంటే నిజమే కానీ, కింద దండతో నవ్వుతున్న ఆయన ఫోటో ఉంటుంది. ఆ ముఖం మీద ఆ మాట పెట్టబుద్ధి కాలేదు.

ఎడిటరు గారిని అడిగాను. ఆయన, "ముందు నల్లా కాదమ్మా, పత్రికలో కుళాయి అనాలి," అన్నారు.

మెషీన్ పక్క నుంచి అన్న, "కుళాయంటే మా దిక్కు ఎవ్వలకు ఎర్క సార్? నల్లా అంటేనే సమజైతది," అన్నాడు.

"ఓకే, చూద్దాం," అన్నారు ఎడిటరు గారు. అంటే అది అక్కడితో ఆగిపోయింది.

ఆ రోజు పన్నెండింటికి లైను పనుల కోసం కరెంటు తీస్తారని ముందే చెప్పారు. అన్న తొందరపెడుతున్నాడు. వార్తంతా ఇచ్చేసి, హెడ్డింగు తర్వాత ఆలోచిద్దామని, ఆ చోటు వదిలిపెట్టడానికి గుర్తుగా ఒక చీటీ రాసి పైన గుచ్చాను. 'ఇక్కడ ఏదైనా మంచి మాట పెట్టాలి.'

ఆ తర్వాత నేను లోపలి పేజీల ప్రకటనల్లో పడ్డాను. ఒక టైలరు తన పేరు తప్పు పడితే ఊరుకోనని రెండుసార్లు చెప్పిపోయాడు. ఆ అక్షరాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూస్తున్నాను. అన్న తడి ప్రూఫు తెచ్చి నా పక్కన పెట్టాడు.

"బిడ్డా, మొదటి పేజీ."

"ఓకే అన్నా," అన్నాను తలెత్తకుండా. అక్కడ పెట్టు, తర్వాత చూస్తానని నా ఉద్దేశం.

"హెడ్డింగుకు మన దగ్గరున్న పెద్దక్షరాలే పెట్టిన. అన్ని సరిపోయినయ్. ఒత్తులు గూడ సరిపోయినయ్."

మా దగ్గర పెద్ద అక్షరాలు కొన్నే ఉండేవి. ఒక్కోసారి ఒక 'ళ' కోసం హెడ్డింగే మార్చుకోవాల్సి వచ్చేది. అన్నీ సరిపోవడం అన్నకు పండగే. ఏ హెడ్డింగు, ఏ అక్షరాలు అని నేను ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. "ఓకే ఓకే," అని టైలరు పేరులోకి వెళ్లిపోయాను.

అన్న పద్ధతి తెలిసినవాడు. నా ఓకే చాలదు, ఎడిటరు గారి ఓకే కావాలి. ప్రూఫు తీసుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్లాడు. అప్పుడే ఫోను మోగింది. ఎడిటరు గారి ఇంటి నుంచి. హబ్సిగూడలో ఆయన ఇంటికి ఆ రోజు రంగులు వేసేవాళ్లు వచ్చారు. ఏ రంగు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అని వాళ్లావిడ అడుగుతున్నారు. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం అన్న బల్లకు ఇవతల నిలబడి ప్రూఫు పైకెత్తి పట్టుకున్నాడు. ఎడిటరు గారు ఆయన వైపే చూస్తూ తల ఊపి, "ఓకే. ఓకే. ఇంక ఆలస్యం దేనికి? మొదలుపెట్టమను," అన్నారు.

అన్న వెనక్కి వచ్చి మెషీన్ మొదలుపెట్టాడు.

ఆ చప్పుడు నాకు వినిపించింది. నేను అప్పటికే చూసిచ్చిన పేజీ ఏదో అనుకున్నాను. పన్నెండుకు ఐదు నిమిషాలు ఉండగా పని అయిపోయింది. అన్న చేతులు తుడుచుకుంటూ మొదటి కాపీ తెచ్చి గర్వంగా నా ముందు పరిచాడు. పేజీ పైన, ఈ కొస నుంచి ఆ కొస దాకా, మా దగ్గరున్న అతి పెద్ద అక్షరాల్లో ఉంది:

ఇక్కడ ఏదైనా మంచి మాట పెట్టాలి

కింద దండతో ప్రెసిడెంటు గారు, నల్లా మీద చెయ్యి వేసి నవ్వుతున్నారు.

ఆ అక్షరాల మీద వేలు పెట్టాను. "అన్నా, గిదేంది?"

"ఏమైంది? తప్పు వడ్డదా?" అంటూ అన్న వంగి, అక్షరం అక్షరం చూశాడు. "తప్పేం లేదు గదా."

"గది హెడ్డింగు కాదన్నా. నీకు చెప్పుడు కోసం రాసిన."

అన్న అప్పుడు మొదటిసారి ఆ మాటను మాటగా చదివాడు. పెదవులు కదిలాయి. చివరిదాకా చదివి, పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

ఎడిటరు గారు వచ్చారు. చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ చదివారు. "దీన్ని ఓకే చేసిందెవరు?" అన్నారు.

"మీరే సార్," అన్నాడు అన్న.

"నేనా? ఎప్పుడు?"

"ఫోన్ల మాట్లాడుకుంట. నా దిక్కే జూసి ఓకే అన్నరు. మొదలువెట్టుమన్నరు."

"అది మా ఆవిడతో అన్నానయ్యా! గోడలకు రంగు మొదలుపెట్టమన్నాను!"

"నాకెట్ల ఎర్కైతది సార్? జూసింది నన్ను. జెప్పింది ఆమెకు."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. రేకుల కింద ముగ్గురం చెమటలు కక్కుతూ నిలబడ్డాం. మళ్లీ అచ్చు వేద్దామంటే కరెంటు సాయంత్రం దాకా రాదు. వచ్చినా అంత కాగితం లేదు. ఆ మాట మీద చీటీలు అంటిద్దామన్నాను. అన్ని చీటీలు ఎవరు అంటిస్తారన్నాడు అన్న. ఎడిటరు గారు చాలాసేపు ఆ పేజీనే చూసి, "ఓకే," అన్నారు. అంతకుముందు ఎప్పుడూ వినని ఓకే అది. దాని అర్థం మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు. కాసేపటికి ఆయనే చెప్పారు, "వెళ్లనివ్వండి."

ఆదివారం నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. నాన్న పత్రిక చేతిలో పట్టుకుని వసారాలో నవ్వుతూనే ఉన్నాడు. ఆయన మౌలాలిలో రైల్వే ఉద్యోగి. జరిగిందంతా చెబితే నవ్వు ఆపి, చాలా సీరియస్‌గా అడిగాడు.

"మాకు బండి కదలాలంటే గార్డు జెండా జూపాలె, డ్రైవరు మల్ల జూపాలె. ఇద్దరు ఒకర్నొకరు జూసుకోవాలె. నోటిమాట నడువది. మీకు జెండ లేదా?"

"లేదు నాన్నా."

"అయితే గిట్లనే అయితది."

మధ్యాహ్నం పక్కింటి అక్క గోడ మీద నుంచి తొంగిచూసి, "ఏం రాసినవ్ పిల్లా! మస్తున్నది!" అంది. నాకు అర్థం కాలేదు. ఆమె కూరగాయలకు ఉప్పల్ వెళితే అక్కడా అదే మాటట. నీళ్లు రాని నల్లాకు దండలేసుకుని ఫోటోలు దిగినవాళ్లను ఆ పేపరు భలే గిల్లిందనీ, మంచి మాట ఏం పెట్టాలో మీరే చెప్పండని జనాన్ని అడిగినట్టు రాసిందనీ అంటున్నారట. నేను తలుపేసుకుని కూర్చున్నాను. అది గిల్లడమే అయితే గిల్లింది నేను కాదు. కానీ ఆ మాట ఎవరికి చెప్పను?

సోమవారం పదింటికి ప్రెసిడెంటు వచ్చాడు. పత్రికను చుట్టి చేతిలో పట్టుకున్నాడు. ఎడిటరు గారు లేచి నిలబడ్డారు. నేను ప్రూఫుల వెనకాలకు జరిగాను.

"ఏంది సారూ గిది? మా కాలనీల పోరగాళ్లు నన్ను జూసి ఏమంటున్నరో ఎర్కనా? 'తాతా, మంచి మాట దొర్కిందా' అని అడుగుతున్నరు."

ఎడిటరు గారు చేతులు జోడించారు. "తప్పు జరిగిందండీ. నాదే తప్పు. నేను చూడకుండా ఓకే అన్నాను."

అన్న మెషీన్ దగ్గర నుంచి వచ్చాడు. "సార్ తప్పు కాదు. పేర్చింది నేను. సదువకుంట పేర్చిన."

ఇక దాక్కోవడం బాగుండదని నేనూ ముందుకు వచ్చాను. "రాసింది నేను సార్. ప్రూఫు జూడకుంట ఓకే అన్న. నన్ను తిట్టుండ్రి."

ప్రెసిడెంటు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. కొట్లాటకు సిద్ధపడి వచ్చిన మనిషికి కొట్లాడేవాడు దొరకలేదు. "ముగ్గురికి ముగ్గురు తప్పు మాదంటే, నేను ఎవల్తోని పంచాయితీ వెట్టుకోవాలె?" అని కుర్చీలో కూలబడ్డాడు. నేను టీ చెప్పడానికి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి ఎడిటరు గారు ఫోను సంగతి చెబుతున్నారు. శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లి చూస్తే హాలంతా గులాబీ రంగులో ఉందట. ఇదేమిటని అడిగితే, మీరే ఓకే అన్నారుగా అన్నారట వాళ్లావిడ. పడమటి ఎండ లోపలికి వస్తే ఎదుటి మనిషి ముఖం కూడా గులాబీగా కనపడుతోందట. ప్రెసిడెంటు మీసాల కింద నవ్వు మొదలైంది. ఆపుకోవాలని చూశాడు కానీ కాలేదు. టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

నవ్వు అయిపోయాక నా వైపు తిరిగాడు. "నిజం జెప్పు బిడ్డా. మంచి మాటనే పెట్టాలని రాసినవా?"

"అవును సార్. ఎంత ఆలోచించినా దొర్కలే. మిమ్మల్ని బాధ పెట్టుడు ఇష్టం లేకుండె. అబద్ధం రాసుడు గూడ ఇష్టం లేకుండె."

ఆయన చేతిలోని పత్రికను బల్ల మీద పెట్టాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. పైపు కోసం ఆయన నీళ్ల ఆఫీసు చుట్టూ రెండేళ్లు తిరిగాడు. ప్రారంభోత్సవానికి ముందురోజు కూడా వెళ్లి ఇంజనీరును అడిగాడు. రేపు నల్లా తిప్పుకోవచ్చా అని.

"ఏమన్నారు?" అన్నారు ఎడిటరు గారు.

"ఓకే అన్నడు సారూ." చెప్పి, తనే ఒక క్షణం ఆగాడు. "నీళ్లొస్తయని మాత్రం అనలే. నేనే అనుకున్న."

అన్న మెషీన్ దగ్గరికి వెళ్తూ, "ఆ సార్ గూడ ఎవల్తోనో ఫోన్ల ఉండె కావచ్చు," అన్నాడు.

మర్నాడు ప్రెసిడెంటుతో నేను కూడా నీళ్ల ఆఫీసుకు వెళ్లాను. ఎడిటరు గారే వెళ్లమన్నారు. ఇంజనీరు మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు. ఫైలు తెప్పించి వేలు పెట్టి చూపించాడు.

"పైపు లైను ఓకే. జాయింట్లు ఓకే. టెస్టింగు ఓకే. వాల్వు కూడా ఓకే."

"మరి నీళ్లు సార్?" అన్నాను.

"ఓకే, అది చూద్దాం."

నేను పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆ రోజు ఏమైనా సరే, విన్నమాట విన్నట్టు రాసుకోవాలని నిర్ణయించుకుని వెళ్లాను. ఆయన అన్న ప్రతి ఓకేకూ ఎదురుగా, దేని గురించి అన్నాడో రాసి, పక్కన ఖాళీ వదిలాను. ప్రెసిడెంటు నా పుస్తకంలోకి తొంగిచూశాడు. తర్వాత చాలా వినయంగా అన్నాడు.

"సార్, ఈ బిడ్డ మీరు అన్న ఓకేలన్ని రాస్తున్నది. మొన్న ఆదివారం నన్ను పేపర్ల వేసింది ఈమెనే. మీరు ఆ పేపరు జూసిన్రో లేదో."

ఇంజనీరు చూశాడన్నది ఆయన ముఖమే చెప్పింది. ఫైలు మూశాడు. "ఏం రాశావమ్మా?" అని అడిగాడు.

చదివి వినిపించాను. "పైపు ఓకే, చూసింది ఎవరు, ఖాళీ. జాయింట్లు ఓకే, చూసింది ఎవరు, ఖాళీ. వాల్వు ఓకే, చూసింది ఎవరు..."

"వాల్వు ఎవరూ చూడలేదు," అన్నాడాయన, తనలో తను అనుకున్నట్టు. ఆ మాటలో దాపరికం లేదు. కాగితం మీద టిక్కు ఉంది కాబట్టి ఆయనా అలాగే నమ్మాడు. వెంటనే గంట కొట్టి లైన్‌మన్‌ను పిలిచి మా వెంట పంపాడు.

లైన్‌మన్ గుట్ట కింద రోడ్డు పక్కన ఒక ఇనుప మూత ఎత్తాడు. లోపల మట్టీ రాళ్లూ. అవన్నీ తీసి, మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టాడు. "సగం గూడ తిప్పకుంట ఇడిసిపెట్టిన్రు. ఆ దినం పైపుల నిలిచిన నీళ్లే వచ్చినయ్," అన్నాడు. వాల్వు బిగుసుకుపోయి ఉంది. ప్రెసిడెంటు చొక్కా చేతులు పైకి మడిచి ఆయనా దిగాడు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ కదా, ఇనుము పని ఆయనకు తెలుసు. ఇద్దరూ కలిసి పెద్ద పానా వేసి తిప్పుతుంటే నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆ పూటంతా పట్టింది. చివరికి కిర్రుమని కదిలింది. ప్రెసిడెంటు మట్టి చేతులతోనే మీసాలు తుడుచుకున్నాడు.

గురువారం గుట్ట మీది నల్లాలో నీళ్లొచ్చాయి. మూడో బిందె నిండింది, పదో బిందె నిండింది, వరస అయిపోయే దాకా వచ్చాయి. ఈసారి దండ లేదు, కొబ్బరికాయ లేదు. ఫోటో తీస్తామంటే ప్రెసిడెంటు పక్కకు తప్పుకున్నాడు. "నన్ను వద్దు. బిందెలను తియ్యుండ్రి," అన్నాడు.

శనివారం మొదటి పేజీ ప్రూఫును ముగ్గురం ఒకే చోట నిలబడి చూశాం. అన్న పైకి చదివాడు. అంతకుముందు ఆయన అచ్చు వేసేది చదవగా నేను వినలేదు. ఆయన గొంతు బాగుంటుందని, చర్చిలో బైబిలు చదివేది ఆయనేనని నాకు ఆ రోజే తెలిసింది. హెడ్డింగు 'గుట్ట మీదికి నీళ్లొచ్చాయి' అని పెట్టాం. నల్లా, కుళాయి తగవు లేకుండా పోయింది. పెద్ద 'ళ' ఒక్కటే కావాల్సి వచ్చింది, అది ఉంది.

తర్వాతి వారం మళ్లీ ఆ కాలనీ మీదుగా వెళుతున్నాను. నల్లాకు దమ్ము పట్టిందన్న ముసలమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టి పిలిచింది.

"ఓ పిల్లా! పేపర్ల రాసేది నువ్వే గదా. జర ఇటు రా."

మెచ్చుకుంటుందనుకుని వెళ్లాను.

"నీళ్లొచ్చినయని రాసినవంట. మా మనుమరాలు సదివింది. ఎప్పుడొస్తయో ఎందుకు రాయలే?"

"ఎప్పుడొస్తున్నయ్ అవ్వా?"

"పొద్దుగాల అయిదింటికి. మా కోడలు ఏడింటి దాక లేవది. పేపర్ల పడ్డదంటేనే నమ్ముతది. అయిదంటే అయిదని రాయి. పెద్దక్షరాలతోని రాయి."

పుస్తకం తీసి రాసుకున్నాను. ఆమె లేచి వచ్చి, తనకు చదువు రాకపోయినా, నేను సరిగ్గా రాశానా లేదా అని కాగితంలోకి వంగి చూసింది.